3 నెలల పీసీఆర్ 14.2% వచ్చింది: ఇమాటినిబ్ ఫెయిలైనట్టేనా? డాసాటినిబ్‌కి మారాలా?

ఉప్పల్_డిపో (ప్రశ్న)

నమస్తే అందరికీ. మా బావగారికి 46 ఏళ్లు, బరువు 71 కిలోలు. సీఎంఎల్ (మెల్లగా ముదిరే ఒక రకం రక్త క్యాన్సర్), క్రానిక్ ఫేజ్ (తొలి దశ) అని తేలి మూడు నెలలు దాటింది. రిపోర్టుల్లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

మొదట్లో తెల్లకణాలు 1,86,000, హిమోగ్లోబిన్ 9.8, ప్లేట్‌లెట్లు 5.2 లక్షలు, బ్లాస్టులు (ఎదగని కణాలు) 2%, బేసోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) 4%. స్ప్లీన్ పక్కటెముకల కింద 8 సెంటీమీటర్లు దిగింది. బోన్ మ్యారో క్రోమోజోమ్ పరీక్షలో ఫిలడెల్ఫియా (ఈ జబ్బుకి గుర్తయిన మారిన క్రోమోజోమ్) తప్ప వేరే తేడా లేదు. ట్రాన్స్‌క్రిప్ట్ (జబ్బు జన్యువు ఏ రకమో చెప్పేది) పీ210, ఈ14ఏ2. అప్పటి బీసీఆర్-ఏబీఎల్ (పీసీఆర్ రక్తపరీక్షలో కొలిచే జబ్బు జన్యువు శాతం) 68%. అది వేరే ల్యాబ్, రిపోర్టు మీద ఐఎస్ అని లేదు.

మందు: మొదటి పది రోజులు హైడ్రాక్సీయూరియా (కౌంట్లు దించే మందు), అల్లోప్యూరినాల్ (యూరిక్ యాసిడ్‌కి). తర్వాత ఇమాటినిబ్ 400 రోజుకొకటి, జెనరిక్. రెండో నెలలో న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) 800కి పడిపోతే 12 రోజులు ఆపించారు. 1,600కి వచ్చాక మళ్లీ 400తోనే మొదలుపెట్టారు.

ఇప్పుడు తెల్లకణాలు 6,200, హిమోగ్లోబిన్ 12.1, ప్లేట్‌లెట్లు 1.9 లక్షలు, స్ప్లీన్ చేతికి తగలట్లేదు. కానీ బీసీఆర్-ఏబీఎల్ 14.2% ఐఎస్. డాక్టర్‌గారి దగ్గరికి వచ్చే బుధవారం వెళ్లాలి. ఈలోపు చుట్టాల్లో ఒకరు డాసాటినిబ్‌కి మార్చేయమంటున్నారు, ఇంకొకరు ట్రాన్స్‌ప్లాంట్ (దాత మజ్జ కణాలు ఎక్కించడం) చేయించేస్తే పీడ వదులుతుందంటున్నారు. జెనరిక్ వాడడం వల్లే ఇలా అయిందని మా అక్క బాధపడుతోంది. అసలు 14.2ని ఎలా అర్థం చేసుకోవాలి? డాక్టర్‌గారిని ఏమేం అడగాలి?


హెమటాలజీ_వార్డు

కౌంట్లు నార్మల్ అవడం వేరు, జబ్బు అదుపులోకి రావడం వేరు. తెల్లకణాలు పదివేల లోపు, ప్లేట్‌లెట్లు 4.5 లక్షల లోపు, స్ప్లీన్ తగలకపోవడం... ఇది మొదటి మెట్టు మాత్రమే. వట్టి హైడ్రాక్సీయూరియాతో కూడా ఈ మెట్టు ఎక్కొచ్చు, అయినా మజ్జలో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఉన్నచోటే ఉంటుంది. అందుకే పీసీఆర్‌తో లోపలికి తొంగి చూడాల్సి వస్తుంది.

యూరోపియన్ ల్యుకేమియా నెట్ 2020లో ఇచ్చిన హద్దులే ఇక్కడా అందరూ చూస్తారు. 3 నెలలకు 10% లోపు, 6 నెలలకు 1% లోపు, 12 నెలలకు 0.1% లోపు ఉంటే బండి సరైన దారిలో ఉన్నట్టు. 3 నెలలకు 10 దాటితే హెచ్చరిక. అదే పరీక్ష ఒకటి నుంచి మూడు నెలల్లోపు మళ్లీ చేసినా 10 పైనే ఉంటే అప్పుడు ఫెయిల్యూర్ అంటారు. 6 నెలలకు 10 పైన, 12 నెలలకు 1 పైన ఉన్నా ఫెయిల్యూరే.

కాబట్టి 14.2 హెచ్చరిక గీతలో ఉంది. ఒక్క రిపోర్టు చూసి మందు మార్చరు, అలాగని ఊరుకోరు కూడా. హెచ్చరిక అంటే వెతకమని అర్థం. మందు నోట్లోకి వెళ్లిందా, నోట్లోంచి రక్తంలోకి వెళ్లిందా, రక్తంలోంచి జబ్బు కణం మీద పనిచేసిందా... ఈ మూడు గుమ్మాలూ వరసగా చూసుకోవాలి. జనం నేరుగా మూడో గుమ్మం దగ్గరికి పరిగెత్తి 'మందుకి రెసిస్టెన్స్ వచ్చింది' అనేస్తారు.

మొదటి గుమ్మం దగ్గరే మీకు కొంత నష్టం జరిగింది. 90 రోజుల్లో 12 రోజులు మాత్ర లేదు, అంటే వేసుకున్నది 87%. ఆ ఆపడంలో తప్పు లేదు. న్యూట్రోఫిల్స్ 1,000 కంటే తగ్గినా, ప్లేట్‌లెట్లు 50 వేల కంటే తగ్గినా ఆపి, 1,500కీ 75 వేలకీ వచ్చాక అదే 400తో మొదలుపెట్టాలి. రెండోసారీ పడితే 300. మీ డాక్టర్ చేసింది అచ్చంగా అదే. కానీ నెలకి 3 మాత్రలు పోతేనే 90% అవుతుంది. అంతకంటే తక్కువ వేసుకున్నవాళ్లలో 0.1% హద్దు అందుకునేవాళ్లు బాగా తగ్గిపోతారని తేలిన విషయమే.

ఇప్పుడు నాకు కావాల్సినవి: ఆ 12 రోజులు కాక ఇంకెన్ని మాత్రలు తప్పాయి, ఏ టైముకి ఎలా వేసుకుంటారు, వాంతులున్నాయా, ఇంకా ఏమేం మందులు వాడుతున్నారు. క్యాన్సర్ మందులే కాదు, ఇంట్లో డబ్బాలో ఉన్నవన్నీ.


మార్చేయండి_సార్

ఇమాటినిబ్ 2001లో అమెరికాలో అనుమతి వచ్చిన మందు. దాని తర్వాత డాసాటినిబ్, నిలోటినిబ్ వచ్చాయి, రెండూ పీసీఆర్‌ని దానికంటే వేగంగా దించుతాయి. 14 వచ్చాక ఇంకా ఎదురుచూడడం దేనికి? డాసాటినిబ్‌కి 2020 నుంచి మన దగ్గర జెనరిక్‌లు వచ్చేశాయి కదా.


హెమటాలజీ_వార్డు

వేగంగా దించుతాయి, ఒప్పుకుంటా. కానీ ఇమాటినిబ్‌తో పక్కపక్కన పెట్టి ఏళ్ల తరబడి చూసిన ట్రయల్స్‌లో మొత్తం బతికినవాళ్ల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా ఒక్కొక్కదానికి దాని బాధ ఉంది. డాసాటినిబ్‌తో ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది. నిలోటినిబ్‌తో గుండె, కాళ్ల రక్తనాళాలు మూసుకుపోవడం, షుగర్, కొలెస్ట్రాల్ పెరగడం చూస్తాం. రెండో మందు చేతిలో ఉన్న పెద్ద తూటా. గురి చూడకుండా పేల్చొద్దు.


పీసీఆర్_బెంచ్

ల్యాబ్ వైపు నుంచి నాలుగు మాటలు.

68 నుంచి 14.2కి వచ్చిందని లెక్క కట్టకండి. పైకి చూస్తే 90 రోజుల్లో రెండుసార్లకు పైగా సగమైంది, అంటే సుమారు 40 రోజులకోసారి సగం. అది నిజమైతే మంచి వేగమే. కానీ మొదటిది ఐఎస్ కాని రిపోర్టు, రెండోది ఐఎస్. ఐఎస్ అంటే అంతర్జాతీయ కొలబద్ద. ప్రతి ల్యాబూ తన ముడి అంకెని తనకిచ్చిన కన్వర్షన్ ఫ్యాక్టర్‌తో గుణించి ఆ కొలబద్ద మీదికి తెస్తుంది. గుణించని 68ని, గుణించిన 14ని పక్కపక్కన పెట్టడం గజాలని మీటర్లతో పోల్చడం లాంటిది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఏబీఎల్‌ని కంట్రోల్ జీన్‌గా (పోలికకి కొలిచే మామూలు జన్యువుగా) వాడే చోట బీసీఆర్-ఏబీఎల్ కూడా ఆ లెక్కలో కలిసిపోతుంది, కాబట్టి 10% పైన అంకెలు అసలే అంత నిక్కచ్చిగా ఉండవు. 14 అనేది 11 కావచ్చు, 17 కావచ్చు.

ఇకనుంచి ఒకే ల్యాబ్. చౌక అనో, ఇంటికి దగ్గర అనో మారిస్తే ఏడాది తర్వాత మీ చేతిలో గ్రాఫ్ ఉండదు, చిత్తు కాగితాలుంటాయి. రిపోర్టులో మూడు చూడండి: ఐఎస్ శాతం, కన్వర్షన్ ఫ్యాక్టర్, ఏబీఎల్ కాపీల సంఖ్య. ఏబీఎల్ కాపీలు కనీసం 10,000 లేకపోతే ముందు ముందు '0.01% లోపు' అని ఎవరు రాసిచ్చినా నమ్మడానికి లేదు.

శాంపిల్ విషయానికొస్తే, బోన్ మ్యారో అక్కర్లేదు, చేతి రక్తం చాలు. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబుల్లో 10 మి.లీ. ఆకుపచ్చ మూతది వద్దు, అందులో హెపారిన్ ఉంటుంది, అది పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. ఆర్ఎన్ఏ చాలా సున్నితం, గంటలు గడిచేకొద్దీ చెడుతుంది. తీసిన రోజే ల్యాబ్‌కి చేరాలి. శనివారం మధ్యాహ్నం కలెక్షన్ సెంటర్‌లో ఇచ్చి, అది సోమవారం దాకా ఫ్రిజ్‌లో కూర్చుంటే వచ్చే అంకె మీద నాకైతే నమ్మకం ఉండదు. ఎండాకాలం మన ఊళ్లో బైకు వెనక డబ్బాలో మధ్యాహ్నమంతా తిరిగిన శాంపిల్ సంగతి వేరే చెప్పాలా.

ట్రాన్స్‌క్రిప్ట్ మొదట్లోనే రాయించారు, మంచి పని. పీ210 కాకుండా పీ190 లాంటి అరుదైన రకమైతే మామూలు కిట్‌లో 'కనపడలేదు' అని వస్తుంది, జబ్బు మాత్రం నిక్షేపంలా ఉంటుంది.


ఉప్పల్_డిపో

చాలా థాంక్సండీ. అడిగినవి: మాత్ర పొద్దున 8కి వేసుకుంటారు. మొదటి నెలలో పరగడుపున వేసుకుని రెండు మూడుసార్లు వాంతి చేసుకున్నారు, ఇప్పుడు టిఫిన్ తర్వాత. పెళ్లికి ఊరెళ్లినప్పుడు రెండు రోజులు తప్పాయి.

వేరే మందులు: పాంటోప్రజోల్ 40, రోజూ. ఎప్టాయిన్ 100, రాత్రి మూడు మాత్రలు. ఫిట్స్‌కి ఆరేళ్లుగా వేసుకుంటున్నారు, నాలుగేళ్లుగా ఫిట్స్ రాలేదు. అది న్యూరో డాక్టర్ రాసింది, దీనికి సంబంధం లేదనుకుని మేము హెమటాలజీలో చెప్పలేదు. అప్పుడప్పుడు తిప్పతీగ కషాయం, ప్లేట్‌లెట్లకని బొప్పాయి ఆకు రసం.


మందుల_చిట్టి

ఆగండాగండి. ఎప్టాయిన్ అంటే ఫెనిటాయిన్. మీ ప్రశ్నకి సగం జవాబు ఆ స్ట్రిప్ మీదే ఉంది.

ఇమాటినిబ్‌ని కాలేయంలో విరగ్గొట్టేది సీవైపీ3ఏ4 అనే ఎంజైము. ఫెనిటాయిన్ ఆ ఎంజైముని రెచ్చగొడుతుంది, కాలేయం దాన్ని మామూలు కంటే ఎక్కువగా తయారుచేస్తుంది. అప్పుడు 400 మి.గ్రా. మింగినా రక్తంలో నిలబడేది చాలా తక్కువ. ఇదే పని టీబీ మందు రిఫాంపిసిన్ చేస్తే రక్తంలో ఇమాటినిబ్ మొత్తం 74% పడిపోతుందని కొలిచి చూశారు. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫీనోబార్బిటాల్ మూడూ ఆ కోవలోవే. హెమటాలజీ వాళ్లు చెప్పిన రెండో గుమ్మం ఇదే, మీ బావగారికి అది సగం మూసుకుని ఉంది.

అసలు పాయింటు ఇక్కడుంది. ఈ పరిస్థితిలో డాసాటినిబ్‌కి మార్చినా అదే గోతిలో పడతారు. అదీ అదే ఎంజైము మీదుగా పోయేదే, రిఫాంపిసిన్‌తో 82% పడిపోతుంది. నిలోటినిబ్ సుమారు 80%. ఈ జబ్బుకే ఇచ్చే బోసూటినిబ్, పొనాటినిబ్ కూడా ఇదే దారి. పైగా డాసాటినిబ్ కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. రోజూ పాంటోప్రజోల్ వేసుకుంటే అది ఒంటికి పట్టదు. అంటే ఇటు గ్యాస్ మాత్ర, అటు ఫిట్స్ మాత్ర, రెండు వైపులా కోత. మూడు నెలల తర్వాత మళ్లీ 10 పైన వస్తే 'రెండు మందులకీ లొంగలేదు' అని ఫైలులో రాసేస్తారు. పాపం మందు ఒక్క రోజు కూడా పూర్తిగా ఒంట్లోకి పోయి ఉండదు. ఇమాటినిబ్‌కైతే పాంటోప్రజోల్‌తో తగాదా లేదు, అది వేసుకోవచ్చు.

అలాగని ఇవాళ రాత్రి ఎప్టాయిన్ మానేయకండి! దయచేసి. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. న్యూరో డాక్టర్‌ని కలిసి, ఎంజైముని రెచ్చగొట్టని మందుకి మార్చమని అడగాలి. మామూలుగా లెవెటిరాసెటమ్ ఎంచుకుంటారు. ముందు అది మొదలుపెట్టి, సరిపడా డోసుకి చేరాక, ఫెనిటాయిన్‌ని వారాల మీద కొంచెం కొంచెం దించుతారు. కొన్నాళ్లు రెండూ కలిసి నడుస్తాయి. లెవెటిరాసెటమ్ డోసు కిడ్నీ పనితీరుని బట్టి ఉంటుంది, ఇమాటినిబ్‌తో క్రియాటినిన్ కొద్దిగా పెరగొచ్చు, కాబట్టి తాజా క్రియాటినిన్ రిపోర్టు తీసుకెళ్లండి. కొందరికి దానితో చిరాకు, కోపం ఎక్కువవుతాయి, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి. వాల్ప్రోయేట్ కూడా ఎంజైముని రెచ్చగొట్టదు గానీ ప్లేట్‌లెట్లని తగ్గించగలదు. అప్పుడు తగ్గింది జబ్బు వల్లో, ఇమాటినిబ్ వల్లో, దీని వల్లో తేల్చుకోలేక తల పట్టుకోవాలి.

న్యూరో వాళ్లు ఫెనిటాయిన్ మార్చడం కుదరదంటే ఇంకో దారి ఉంది: ఇమాటినిబ్ డోసుని కనీసం సగం పెంచి, దగ్గరుండి చూసుకోవడం. అది హెమటాలజీ డాక్టర్ నిర్ణయం, ఇంట్లో చేసేది కాదు. తర్వాత ఎప్పుడైనా ఫెనిటాయిన్ ఆగితే ఇమాటినిబ్‌ని మళ్లీ దించాలి, మర్చిపోతే మందు ఎక్కువై కూర్చుంటుంది.

మింగే పద్ధతి: పొట్ట నిండా తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో, అంటే 200 మి.లీ. దాకా. వాంతులు ఇంకా ఉంటే పొద్దున టిఫిన్ కంటే మధ్యాహ్నం భోజనం తర్వాత బాగుంటుంది. మింగలేకపోతే 400 మాత్రని 200 మి.లీ. నీళ్లలో వేసి, చెంచాతో కలిపి కరగ్గానే తాగేయొచ్చు. కరిగించి పక్కన పెట్టి పనులు చూసుకోవద్దు. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు.

గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని చీటీలో ఉంటుంది. అది చూసి మనవాళ్లు ద్రాక్షపళ్లు మానేస్తారు. గ్రేప్‌ఫ్రూట్ ద్రాక్ష కాదండీ, పంపరపనస జాతి పండు. అది ఎంజైముని అణిచేస్తుంది, మందు ఎక్కువైపోతుంది. పంపరపనస కూడా మానండి, ద్రాక్ష తినొచ్చు. క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కి ఇచ్చే ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్ కూడా మందుని పెంచే జట్టే. జలుబుకో దురదకో వెళ్లినా ఇమాటినిబ్ వాడుతున్నామని ముందే చెప్పాలి.

తిప్పతీగ ఆపేయండి. దాని వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి, ఇమాటినిబ్ కూడా కాలేయం మీద భారం వేసేదే. బొప్పాయి ఆకు రసం అసలు దేనికి? ప్లేట్‌లెట్లు 1.9 లక్షలుంటే పెంచాల్సిన పనేముంది?

జెనరిక్ సంగతి: అక్కగారిని బాధపడొద్దనండి. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న ఇమాటినిబ్ మీద నోవార్టిస్ కంపెనీ అడిగిన పేటెంట్‌ని తోసిపుచ్చిన కేసులో ఎదురు నిలబడిన కంపెనీల్లో మన హైదరాబాద్ నాట్కో కూడా ఉంది. ఇన్నేళ్లుగా దేశంలో ఎంతోమంది సీఎంఎల్‌తో మామూలుగా బతుకుతున్నారంటే ఆ జెనరిక్‌ల మీదే. ఇమాటినిబ్ అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది. కొనేచోట బిల్లు, బ్యాచ్ నంబరు అడిగి తీసుకోండి, ఊరికే ప్రతి నెలా కంపెనీ మార్చకండి. నా అనుమానం ముందు ఫెనిటాయిన్ మీద, తర్వాత ఆ 12 రోజుల మీద. జెనరిక్ మీద కాదు.


హెమటాలజీ_వార్డు

మందుల_చిట్టి గారు పట్టేశారు. నేను 'రెసిస్టెన్స్' అనే మాటని ప్రస్తుతానికి పక్కన పెడుతున్నా. ఇక బుధవారం సంగతి.

ఫెనిటాయిన్ మారకముందే రెండు పరీక్షలు అడగండి. ఒకటి ఇమాటినిబ్ ట్రఫ్ లెవెల్. నిన్నటి మాత్రకి 24 గంటలు నిండాక, ఇవాళ్టి మాత్ర వేసుకునే ముందు తీసే రక్తం. 1,000 నానోగ్రాములు/మి.లీ. పైన ఉన్నవాళ్లలో ఫలితం బాగుంటుందని తేలింది. ఇది అన్ని ల్యాబుల్లో దొరకదు, దొరక్కపోతే ఆగాల్సిన పని లేదు, ఎలాగూ దోషి కనిపిస్తోంది. ఆ పొద్దున మాత్ర వేసుకుని వెళ్లారంటే మాత్రం పరీక్ష దండగ.

రెండోది కైనేజ్ డొమైన్ మ్యుటేషన్ పరీక్ష, అంటే మందు అతుక్కునే చోట జబ్బు జన్యువు మారిందేమో చూసేది. జబ్బు 1% పైన ఉన్నప్పుడే ఇది సరిగ్గా చేయగలరు, 14%లో సులువుగా వస్తుంది. మందు తక్కువ మోతాదులో మూడు నెలలు తగిలిన జబ్బు కణాల్లో రెసిస్టెంట్ కణం ముందుకొచ్చే అవకాశం ఉంది కాబట్టి చూడడం తెలివైన పని. సాంగర్ అనే పాత జన్యు పరీక్ష పద్ధతిలో 15–20% పైన ఉన్న మ్యుటేషన్లే కనబడతాయి, ఎన్‌జీఎస్ అనే కొత్త పద్ధతి అయితే 3% దాకా దిగుతుంది. మొదటిసారికి సాంగర్ సరిపోతుంది.

ఫెనిటాయిన్ పూర్తిగా పోయాక ఎంజైము మామూలు స్థాయికి రావడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. ఇక్కడ చాలామంది కాలు జారుతారు. మందు ఒక్కసారిగా ఒంట్లో నిండడం మొదలవుతుంది కాబట్టి, మీ బావగారికి అది ఇమాటినిబ్ మొదటి నెల లాంటిదే. కళ్ల చుట్టూ వాపు, పిక్కల్లో నరాలు పట్టేయడం, కౌంట్లు పడిపోవడం కొత్తగా కనిపించొచ్చు. 'మూడు నెలలుగా లేనిది ఇప్పుడెందుకొచ్చింది' అని భయపడి మాత్ర మానేయొద్దు. ఆ నెలంతా వారానికో పది రోజులకో సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించండి. పిక్కలు పట్టేస్తుంటే కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్ చూపించాలి. ఇమాటినిబ్‌తో ఫాస్ఫరస్ పడిపోవడం మామూలే.

తర్వాతి పీసీఆర్ ఎప్పుడన్నది డాక్టర్‌తో మాట్లాడి ముందే తేదీ రాయించుకోండి. ఫెనిటాయిన్ దిగే సమయాన్ని బట్టి జరుగుతుంది గానీ, నా లెక్కలో 6 నెలల గీత దాటనివ్వకూడదు. అప్పటికీ 10 పైన ఉంటే ఇక సాకులు వద్దు, మందు మార్చాల్సిందే. 1 నుంచి 10 మధ్య ఉండి దిగుతూ ఉంటే ఇంకొంచెం ఓపిక పట్టొచ్చు.


మార్చేయండి_సార్

ఫెనిటాయిన్ చూడలేదు, నాదే తొందరపాటు. మ్యుటేషన్ వస్తే ఏ మందుకి వెళ్లాలో కూడా చెప్పండి, అందరికీ పనికొస్తుంది.


హెమటాలజీ_వార్డు

టీ315ఐ అనే మ్యుటేషన్ వస్తే ఇమాటినిబ్, డాసాటినిబ్, నిలోటినిబ్, బోసూటినిబ్ నాలుగూ పనిచేయవు. పొనాటినిబ్ లేదా అసిమినిబ్ మాత్రమే. అసిమినిబ్ వేరే తలుపులోంచి వెళ్లే మందు, అమెరికాలో 2021 అక్టోబరులో అనుమతి వచ్చింది. మామూలుగా రోజుకి 80 మి.గ్రా., టీ315ఐకి మాత్రం 200 రోజుకి రెండుసార్లు. పొనాటినిబ్‌ని 45తో మొదలుపెట్టి 1% లోపుకి రాగానే 15కి దించుతారు, లేకపోతే గుండెపోటు, పక్షవాతం ముప్పు. వై253హెచ్, ఈ255, ఎఫ్359 వస్తే నిలోటినిబ్ వైపు వెళ్లొద్దు, డాసాటినిబ్ మేలు. ఎఫ్317ఎల్, వీ299ఎల్ వస్తే డాసాటినిబ్ వద్దు, నిలోటినిబ్ చూస్తారు. మ్యుటేషన్ ఏదీ లేకపోతే పక్క జబ్బులని బట్టి: గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్లకి నిలోటినిబ్ ఇవ్వడానికి చేయి రాదు, ఆయాసం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి డాసాటినిబ్ ఇవ్వడానికి చేయి రాదు. నిలోటినిబ్ అయితే మాత్రకి ముందు రెండు గంటలు, మాత్ర తర్వాత ఒక గంట ఏమీ తినకూడదు. రోజుకి రెండుసార్లు ఈ నియమం. షిఫ్టు ఉద్యోగాలవాళ్లు ఇక్కడే తప్పుతారు.

ట్రాన్స్‌ప్లాంట్ మాట. 2001కి ముందు సీఎంఎల్‌కి అదే పెద్ద దిక్కు. ఇప్పుడు క్రానిక్ ఫేజ్‌లో ఉన్న మనిషికి 14% చూసి ఎవరూ చేయరు. బ్లాస్ట్ క్రైసిస్ అనే ముదిరిన దశకి వెళ్లినవాళ్లకి, రెండు మూడు మందులు నిజంగా ఫెయిలైనవాళ్లకి మాత్రమే. దాత కణాలు రోగి ఒంటి మీదే తిరగబడే జీవీహెచ్‌డీ, ఇన్‌ఫెక్షన్లు... రోజుకో మాత్రతో బతకగలిగే మనిషిని తీసుకెళ్లి ఆ అగ్నిగుండంలో ఎందుకు దింపడం? బంధువులు ల్యుకేమియా అనగానే అన్నీ ఒకటే అనుకుంటారు. పిల్లలకొచ్చే ఏఎల్ఎల్ వేరు, పెద్దల్లో ఉరుకుతూ వచ్చే ఏఎంఎల్ వేరు, వాటిలో కీమో, ట్రాన్స్‌ప్లాంట్ లెక్కలు వేరు. తోడబుట్టినవాళ్ల హెచ్ఎల్ఏ పరీక్ష (దాతగా సరిపోతారా అని చూసేది) ఇప్పుడే అక్కర్లేదు.


ఉప్పల్_డిపో

న్యూరో డాక్టర్ సోమవారం టైమిచ్చారు. ఇంకొక్క ప్రశ్న. మ్యుటేషన్ టెస్టు, ముందు ముందు మందు మారితే ఖర్చు? ఆహారభద్రత కార్డు ఉంది. ఇప్పుడు ప్రైవేటులో చూపిస్తున్నాం.


లక్డీకాపూల్_లైన్

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల నుంచి 10 లక్షలు చేశారు. కానీ మాత్రలు, టెస్టులు అన్నీ దానంతట అవే అందులోకి రావు. ఏ ప్యాకేజీలో ఏముందో ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర ముందే అడగాలి, బిల్లు కట్టాక కాదు. ప్రభుత్వం వైపు చూస్తే పంజాగుట్ట నిమ్స్, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఎంఎన్‌జేకి లక్డీకాపూల్, నిమ్స్‌కి పంజాగుట్ట లేదా ఇర్రం మంజిల్ దగ్గర. పొద్దున్నే పోవాలె, ఓపీ చీటీ దగ్గర లైన్ గట్టిగుంటది.

ఫైలు ఇట్ల సర్దుకోండ్రి: పైన ఒక్క కాగితం మీద తేదీల వారీగా సీబీసీ, పీసీఆర్ అంకెలు, మాత్ర ఆపిన తేదీలు. దాని కింద మొదటి బోన్ మ్యారో, క్రోమోజోమ్ రిపోర్టు, ట్రాన్స్‌క్రిప్ట్ రిపోర్టు ఒరిజినల్స్. ఆసుపత్రి మారినా ఇవి ఉంటే బోన్ మ్యారో మళ్లీ పొడవమనరు. జిరాక్స్ రెండు సెట్లు. సెల్‌ఫోన్ల ఫొటోలు చూపిస్తే డాక్టర్లకి కండ్లు కనపడవు.


మందుల_చిట్టి

న్యూరో దగ్గరికి వెళ్లేటప్పుడు ఇమాటినిబ్ స్ట్రిప్, హెమటాలజీకి వెళ్లేటప్పుడు ఎప్టాయిన్ స్ట్రిప్, రెండూ ఒకే సంచిలో పెట్టుకోండి. పేరు చెప్తే చాలదు, స్ట్రిప్ బల్ల మీద పెట్టండి.


పీసీఆర్_బెంచ్

మ్యుటేషన్ శాంపిల్ బుధవారం పొద్దునే ఇస్తే మంచిది. గురువారం దాటితే మళ్లీ శనివారం గొడవ.